నరముల మీది కంతులు

ఈ ప్రసంగమునకు ఒక ఉత్తరము కారణము. ధర్మవరమునకు చేరువనున్న ఒక పల్లెనుండి ఒక సోదరి మా కేంద్రమునకు వ్రాసిన జాబు అది. ఆమె పెనిమిటి మగ్గము నేయువారు. ఆయనకు ముంజేతి లోపలివైపున, మణికట్టునకు నాలుగు వ్రేళ్ల పైన, నిమ్మకాయంత గడ్డ ఏడెనిమిది సంవత్సరములుగా ఉన్నదట. పనికి అడ్డము రాలేదు, ఊరకున్నప్పుడు నొప్పియు లేదు. కాని ఆ చోటు మగ్గపు కొయ్యకు తగిలినప్పుడెల్ల బొటనవ్రేలు, చూపుడు వ్రేలు జిల్లుమనునట. ఊరిలో ఒక పెద్దమనిషి "అది కొవ్వుగడ్డ, రెండు నిమిషముల పని, కోసి పారవేయుదును" అనెనట. మరియొకరు "గడ్డను కదిలించినచో రాచపుండగును, చచ్చువరకు దానిని ముట్టవద్దు" అని భయపెట్టిరట. ఇద్దరిలో ఎవరి మాట వినవలెనని ఆ సోదరి ప్రశ్న.

ఇద్దరి మాటయు వినవలదని మేము మరుసటి టపాలోనే వ్రాసితిమి. ఎందుకు వినరాదో కార్డుముక్కలో చెప్పుటకు వీలులేకపోయినది. మేము వైద్యులము కాము. వైద్యులనడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్నంతవరకు ఇచ్చట చెప్పుచున్నాము.

మొదట నరమను మాటను గూర్చియే కొంత చెప్పవలసియున్నది. మన వాడుకలో ఈ మాటకు అర్థములు మెండు. వృద్ధుల చేతులమీద నీలముగా తేలి కనబడు రక్తనాళములను నరములందుము. మెడ పట్టినను నరము పట్టినదందుము, నిజమునకు పట్టినది కండరము. నీరసమునకు "నరముల బలహీనత" యని పేరుపెట్టి దానికొక టానిక్కు కొందుము. ఈ ప్రసంగములో నరమనగా మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేరి దేహమంతట వ్యాపించిన తెల్లని త్రాడు. కదలుమను ఆజ్ఞను కండరమునకు చేర్చునది అది. వేడిమి, చలువ, నొప్పి అను వార్తలను మెదడునకు మోసికొని పోవునదియు అదియే. ద్వారబంధమునకు మోచేయి తగిలి చిటికెన వ్రేలివరకు జివ్వుమనిన అనుభవము లేనివారుండరు. మోచేతి వెనుక కండ కప్పు లేకుండ ఎముకనానుకొని పోవు నరమునకు దెబ్బ తగిలినందుననే అట్లగును. నరమన నేమో మనకు తెలియజేయుటకు ఆ ఒక్క క్షణము చాలును.

ఆ త్రాడు ఒక్క పోగు కాదు. సన్నని తంతువులు వేలకొలది కట్టలు కట్టలుగా కూడి ఒక నరమగును. రేడియోకు విద్యుత్తు తెచ్చు తీగకు రబ్బరు తొడుగున్నట్లే ఈ తంతువులను చుట్టుకొని కాపాడు కణములు కలవు. 1839లో జర్మను శాస్త్రజ్ఞుడైన థియోడర్ ష్వాన్ వీనిని వర్ణించెను. అందుచే అవి ష్వాన్ కణములైనవి. నరముల మీది నిరపాయపు కంతులలో హెచ్చుభాగము తీగనుండి కాక ఈ తొడుగునుండియే పుట్టును. చికిత్స అంతయు ఈ సంగతిమీదనే ఆధారపడియున్నది. తీగ చెడలేదు కనుక, కంతిని తీసివేసి తీగను మిగుల్చుకొనుటకు అనేక పర్యాయములు వీలుండును.

వీనిలో ముఖ్యమైనవి రెండు జాతులు. ఒకటి ష్వానోమా, రెండవది న్యూరోఫైబ్రోమా. పేర్లు నోరు తిరుగనివైనను తేడా మాత్రము ధర్మవరపువారికి సులువుగా తెలియును. మగ్గముమీద సాచిన పడుగు క్రింద ఒక పట్టు ఉండను త్రోసితిమనుకొందము. పోగులు తెగవు, ఉండకు ఇరుప్రక్కల ఒదిగి, దానిమీదుగా సాగిపోవును. ష్వానోమా అట్టిది. దానికి తన సంచి తనకుండును. నేర్పుగల శస్త్రవైద్యుడు భూతద్దము క్రింద పోగులను ఒకప్రక్కకు తొలగించి, సంచిని చీల్చి, పనసతొనలోని గింజవలె కంతిని వెలికి తీయగలడు. న్యూరోఫైబ్రోమా అట్లు కాదు. అది పోగులలో పోగై కలిసిపోయిన చిక్కువంటిది. తంతువులు కంతి నడుమనుండియే పోవుచుండును కనుక, దానిని పూర్తిగా తీయుట యనిన కొన్ని పోగులను వదలుకొనుటయే. అందుచేత చర్మములోని చిన్న న్యూరోఫైబ్రోమాలను తీయుట తేలికయైనను పెద్ద నరముమీదివానిని తీయుటకు ముందు వైద్యులు పలుమారులు ఆలోచింతురు.

నిరపాయము అను మాటను వైద్యులు ఒక ప్రత్యేకార్థములో వాడుదురు. రాచపుండువలె ఇరుగుపొరుగు కండలను తినివేసి, రక్తముద్వారా దూరపు అవయవములకు ప్రాకునది కాదని దాని భావము. అంతకుమించి ఏ అభయమును ఆ మాటలో లేదు. విశాలమైన పెరటిలో పెరిగిన బండరాయి ఎవరికిని అడ్డము కాదు. అదే రాయి బావి గొంతులో పెరిగినచో నీరు ఆగిపోవును. ముంజేతి కండలమధ్య పెరుగు కంతికి చోటు కలదు. చెవి లోపలి ఎముక సొరంగములోను, వెన్నెముక గొట్టములోను చోటు లేదు.

ఇక జాబులోని గడ్డకు వత్తుము. కొవ్వుగడ్డను తట్టినను వ్రేళ్లు జిల్లుమనవు. గడ్డమీద మెల్లగా తట్టినప్పుడు ఆ నరము పోవు దారివెంట జిల్లుమనినచో అది నరమునకు సంబంధించినదని అనుమానింపవలెను. ఈ గుర్తును 1915లో ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ గాయపడిన నరముల విషయమున వర్ణించెను. మరియొక గుర్తు కలదు: నరముమీది కంతి ప్రక్కలకు కదలును గాని పైకి క్రిందికి కదలదు. త్రాటికి కట్టిన ముడిని అటునిటు ఊపవచ్చును, నిలువునా జరుపలేము గదా. ఈ రెండు గుర్తులను చూచుటకు యంత్రములక్కర లేదు. వ్యాధి నిర్ణయమునకు ఇవి చాలవు. కాని కత్తి పట్టినవానిని నిలుపుటకు చాలును.

ఏల నిలుపవలెను? బొటనవ్రేలు, చూపుడు వ్రేలు జిల్లుమనుచున్నవి కనుక ఆ సోదరి పెనిమిటి గడ్డ అరచేతి నడిమి నరము మీదిదై యుండవచ్చును. తెగిన పోగును బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ పట్టి, కంటితో చూడకయే అతుకుట నేతగాని విద్య. ఆ విద్య ఆ నరములో ఉన్నది. అది తెగినచో వ్రేలికొనలకు స్పర్శ పోవును, బొటనవ్రేలు ఎదుటి వ్రేళ్లను కలిసికొనలేదు. తెగినదానిని కుట్టినను నరము మరల మొలచుట రోజునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. నెలలు గడచినను పూర్వపు నేర్పు తిరిగి వచ్చునను పూచీ లేదు. రెండు నిమిషముల పనికి ఇంత మూల్యము. కొవ్వుగడ్డయను భ్రమతో నరముమీది కంతిని కోసి, నరము తునకను కూడ తీసివేసిన సందర్భములు వైద్య గ్రంథములలో తక్కువగా లేవు. జీడిరసము పూయుట, వాత పెట్టుట, గుఱ్ఱపు వెండ్రుకతో బిగించుట మొదలగు పద్ధతులు మన పల్లెలలో పూర్తిగా పోలేదు. వానివలన కంతి కరుగదు. చర్మము కాలి పుండగును, ఆపైన వైద్యుని పని కష్టతరమగును.

"కదిలించినచో రాచపుండగును" అను రెండవ మాటయు నిజము కాదు. విడిగా ఒక్కటిగా నున్న ష్వానోమా క్యాన్సరుగా మారుట మిక్కిలి అరుదు. నేర్పుగల చేతిలో కోసినంతమాత్రమున మారనే మారదు. నొప్పిలేని చిన్న కంతిని కోయకుండ ఊరక కనిపెట్టుచు నుండవచ్చును కూడ. కాని ఈ మాటచేత భయపడి అసలు వైద్యుని కడకే పోకుండుట వేరు, వైద్యుడు చూచి "ఉండనిమ్ము" అనుట వేరు.

ఇచ్చట మన ప్రాంతమునకు సంబంధించిన విషయ మొకటి చెప్పక తప్పదు. మోచేతి వెనుక నరము త్రాడువలె లావెక్కుట కుష్ఠువ్యాధిలో సామాన్యము. ఒక్కొక్కప్పుడు ఆ నరములో చీముగడ్డ ఏర్పడి కంతివలెనే కనబడును. జాతీయస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని 2005 అంతమున లెక్క తేల్చినను క్రొత్త రోగులు నేటికిని కనబడుచునే యున్నారు. చర్మముమీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉండి, నరము లావెక్కియున్నచో ముందుగా కుష్ఠును పరీక్షింపవలెను. అది మందులతో పూర్తిగా నయమగు వ్యాధి, మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. దానిని కంతియని కోయుటయు తప్పే. కంతులున్న అమాయకుని కుష్ఠురోగి యని వెలివేయుటయు తప్పే. ఈ రెండవ తప్పునుగూర్చి ముందు మరల చెప్పుదుము.

చెవి సంగతి రేడియో శ్రోతలకు సులభముగా బోధపడును. వృద్ధాప్యమువలన గాని, మరమగ్గముల రొదవలన గాని వచ్చు చెవుడు సాధారణముగా రెండు చెవులకును సమానముగా వచ్చును. అట్లుకాక ఒక్క చెవియే క్రమక్రమముగా మందగించి, ఆ చెవిలోనే ఎడతెగని హోరు పుట్టి, నడకలో తూలు కనబడినచో చెవినుండి మెదడునకు పోవు ఎనిమిదవ నాడిమీద ష్వానోమా ఉన్నదేమోయని విచారింపవలెను. దీని మొదటి దశలో ఒక విచిత్రము కలదు. శబ్దము వినబడుచునే యుండును, మాటలు మాత్రము విడివడవు. టెలిఫోనును ఎప్పుడును కుడిచెవికి పెట్టుకొనువారు తమకు తెలియకయే ఎడమచెవికి మార్చుకొందురు. వార్తలు చదువువారి ఉచ్చారణ చెడినదని మాకు ఫిర్యాదు వ్రాయుదురు! అట్టి శ్రోతలు ఒక చెవి మూసి ఒక చెవితో, మరల రెండవదానితో వార్తలు విని చూడవలెనని మా మనవి. రెంటికిని తేడా ఉన్నచో చెవి వైద్యుని కడ శ్రవణ పరీక్ష చేయించుకొనవలెను. ఆయన అవసరమనుకొన్నచో ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించును. ఈ కంతి లక్షమందిలో ఏటా ఒకరిద్దరికి మాత్రమే వచ్చును కనుక ప్రతి చెవి హోరుకును బెదరనక్కర లేదు. ఒక చెవి మందగించిన ప్రతివారును మాత్రము పరీక్ష చేయించుకొనవలెను.

నూరు సంవత్సరముల క్రిందట ఈ కంతి కనుగొనబడునప్పటికే కోడిగ్రుడ్డంతయై, చూపును నడకను హరించియుండెడిది. శస్త్రచికిత్సకు సాహసించిన తొలితరము వైద్యులు వ్రేలితో పెకలించి తీయుచుండిరి. రోగులలో అధికసంఖ్యాకులు మరణించుచుండిరి. అమెరికా వైద్యుడు హార్వే కుషింగ్ సంచిని తాకక లోపలి పదార్థమును మాత్రము తోడి తీయు విధానమవలంబించి మరణములను బాగుగా తగ్గించెను. 1917లో ఈ కంతులమీద ప్రత్యేకముగా ఒక గ్రంథము ప్రకటించెను. 1960 తరువాత విలియం హౌస్ ఈ కంతి శస్త్రచికిత్సలో సూక్ష్మదర్శినిని వాడి, చెవి ఎముకద్వారా దారి చేసెను. నాటినుండి ప్రాణముతోపాటు ముఖపు నరమును దక్కించుట కూడ లక్ష్యమైనది. ముఖమును కదిలించు ఏడవ నాడి ఈ కంతిని అంటుకొనియే పోవును. అది దెబ్బతినినచో నోరు వంకరపోవును, కన్ను మూతపడదు. స్వీడను వైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో కత్తి లేకుండ సన్నని కిరణములను ఒక్క బిందువుమీద కేంద్రీకరించు చికిత్సను ప్రతిపాదించెను. నేడు సుమారు 3 సెంటీమీటర్లకు లోపలి కంతులకు అది వాడుకలో నున్నది. కంతిని అది మాయము చేయదు, పెరుగుదలను ఆపును.

కంతి చిన్నదై, రోగి వృద్ధుడైనచో వైద్యుడు "ఏమియు చేయవద్దు, ఏటేట చిత్రము తీయించుము" అనవచ్చును. ఇది విని కొందరు "పెద్ద ఆసుపత్రికి పోతిమి, మందైనను ఇయ్యలేదు" అని నిష్ఠురపడుదురు. ఈ కంతులు పెరిగినను ఏటికి 1 లేక 2 మిల్లీమీటర్లు పెరుగును, అనేకము అసలే పెరుగవు. పెరుగనిదానిని తీయబోయి వినికిడి పోగొట్టుకొనుట కంటె కాచుకొని చూచుట మేలు. వేచియుండుట కూడ చికిత్సయే. కాని పిలిచిన తేదీకి మరల పోయినప్పుడే అది చికిత్స యగును.

వెన్నెముక గొట్టములోని ష్వానోమా మరింత మోసకారి. ముందు నడుమునొప్పి లేక ప్రక్కనొప్పి, పండుకొన్నప్పుడు అది హెచ్చుట. పిమ్మట కాళ్లు తిమ్మిరెక్కి బిగిసికొనుట. తుదకు మూత్రముమీద అదుపు తప్పుట. అనంతపురపు సీమలో దీనికి తోడు మరియొక చిక్కు కలదు. మన బోరుబావుల నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. దానివలన ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కి ఇట్టి లక్షణములనే కలిగించును. తెలుగుదేశములో ఈ ఫ్లోరైడు వ్యాధిని గూర్చి 1937లోనే నాటి మద్రాసు రాజధాని వైద్యులు నెల్లూరు సీమనుండి వ్రాసిరి. అందుచేత కాళ్లు పడిపోయిన ప్రతివానిని చూచి "నీళ్ల దోషము" అని సరిపెట్టుకొనుట మనవారికి అలవాటైపోయినది. నీళ్ల దోషమైనదానిని మరలించుట కష్టము. కంతియే కారణమైనచో, సకాలమున తీసివేసినప్పుడు మంచము పట్టినవారు కూడ లేచి నడచుట కలదు. ఈ రెంటికిగల తేడా ఒక్క ఎం.ఆర్.ఐ. చిత్రముతో తెలియును.

ఇప్పుడు దేహమంతట కంతులున్నవారి మాట. ఒంటినిండ మెత్తని బుడిపెలతో బస్సులోను సంతలోను కనబడువారిని శ్రోతలు చూచియే యుందురు. ప్రక్క సీటు ఖాళీగానున్నను వారి సరసన ఎవరును కూర్చుండరు. ఇది న్యూరోఫైబ్రోమటోసిస్ అను జన్యువ్యాధి. జర్మను వైద్యుడు ఫ్రెడరిక్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ 1882లో దీనిని సమగ్రముగా వర్ణించెను. 17వ క్రోమోజోముమీద నున్న కారణమైన జన్యువును 1990లో గుర్తించిరి. సుమారు 3,000 జననములలో ఒకరికి ఇది యుండును. అంటువ్యాధి కాదు, కుష్ఠు కాదు, పూర్వజన్మ పాపము అంతకంటె కాదు. తాకినందువలన గాని, కలిసి భుజించినందువలన గాని రాదు. రోగులలో సగముమందికి తల్లిదండ్రులనుండి వచ్చును. మిగిలిన సగముమందికి వంశములో ఎవరికిని లేకున్నను క్రొత్తగా పుట్టును. వ్యాధి యున్నవారి సంతానములో ఒక్కొక్క బిడ్డకు వచ్చుటకు సగము పాలు అవకాశము కలదు. వివాహమునకు ముందు ఈ సంగతి దాచుట కంటె ఇరువైపులవారును కలిసి వైద్యుని సలహా అడుగుట మర్యాద.

పసిబిడ్డ ఒంటిమీద కాఫీరంగు మచ్చలు ఆరు గాని అంతకుమించి గాని ఉండి, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్లకు మించినచో ఆ బిడ్డను వైద్యునికి చూపవలెను. ఒకటి రెండు మచ్చలు చాలమందికుండును, వానికి భయము లేదు. ఈ వ్యాధి యున్న పిల్లలకు ఏటేట కండ్లను, రక్తపు పోటును, వెన్నెముక వంపును పరీక్షింపవలెను. చర్మముమీది చిన్న బుడిపెలు క్యాన్సరు కావు. లోపల తీగలుగా అల్లుకొనిన పెద్ద కంతులు మాత్రము కొందరిలో మారవచ్చును. ఏండ్లుగా ఊరకున్న కంతి కొన్ని వారములలో బలిసినను, రాత్రులందు నిద్రపట్టని నొప్పి పెట్టినను, గట్టిపడినను, అవయవమునకు క్రొత్తగా నిస్సత్తువ కలిగినను ఆలస్యము చేయరాదు. శస్త్రచికిత్సకు అందని అల్లిక కంతులకు సెల్యుమెటినిబ్ అను మందును 2020లో అమెరికాలో పిల్లలకొరకు అనుమతించిరి. అది కొందరిలో కంతిని కుదించును. ఖరీదు మాత్రము సామాన్యులకు అందరానిది.

ఎచ్చటికి పోవలెనని మీరడుగుదురు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. మూడును గుంతకల్లు–బెంగుళూరు రైలుమార్గము మీదనే యున్నవి. బెంగుళూరులో 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ సంస్థ మెదడు, నరముల వ్యాధులకు పేరు పొందినది. ఆ నగరపు వైట్‌ఫీల్డులో 2001లో వెలసిన శ్రీ సత్యసాయి వైద్యసంస్థలో నాడీ శస్త్రచికిత్స ఉచితముగా చేయుచున్నారు. ధర్మవరమునుండి కదిరి, పాకాలల మీదుగా కాట్పాడికి పోయినచో వేలూరు చేరువ. మన దేశమున తొలి నాడీ శస్త్రచికిత్సా విభాగమును జేకబ్ చాందీ 1949లో అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలలో నెలకొల్పెను. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పేర మన రాష్ట్రములో మొదలైన పథకము తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురమొకటి. ప్రభుత్వములతోపాటు దాని పేరు మారుచు వచ్చినది గాని పథకము నిలిచియున్నది. బయలుదేరుటకు ముందు ప్రభుత్వ వైద్యశాలలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏ ఆసుపత్రిలో చెల్లునో అడిగి, కార్డు చేతబట్టుకొని పోవలెను.

పోయినప్పుడు వైద్యుని అడుగవలసినవి కలవు: ఇది ఏ నరముమీదిది? ఇప్పుడు తీయకున్న ఏమగును? తీసినచో ఏ పని పోవు ప్రమాదము కలదు? తీసినదానిని పరీక్షాశాలకు పంపుదురా? తీసిన ముక్క చిన్నదైనను సూక్ష్మదర్శిని క్రింద చూడవలసినదే. ఎం.ఆర్.ఐ. చిత్రములను పాతకాగితములలో పారవేయక భద్రపరుపవలెను. మరుసటి ఏటి చిత్రముతో పోల్చి చూచుటకు అవియే ఆధారము.

మొన్న ఆ సోదరినుండి రెండవ జాబు వచ్చినది. పెనిమిటి బెంగుళూరు పోయి వచ్చిరట. గడ్డ నరముమీదిదేయని తేలినదట. తొందరలేదనియు, తీయదలచినచో తీయవచ్చుననియు వైద్యులు చెప్పగా, మగ్గముమీది పడుగు ముగిసిన పిమ్మట పోవుటకు నిశ్చయించుకొన్నారట. కోసెదనన్న పెద్దమనిషి వీధిలో కనబడినప్పుడెల్ల అడుగుచున్నాడట; ఆయనకేమి చెప్పవలెనని ఈసారి ప్రశ్న. ఈ సంచికను ఆయనకు ఒకమారు చదివి వినిపింపుడని వ్రాసితిమి.